ముత్యాలమ్మ పేరులోని ముత్యం



ఉత్తరాంధ్ర పల్లెలో సాయంత్రం పూట ఎవరైనా వీధి మొగలో నిలబడి "ముత్యాలూ!" అని కేకేస్తే, పలికేది మగవాడో ఆడమనిషో ముందుగా చెప్పలేం. ముత్యాలు ఇద్దరికీ చెల్లే పేరు. కాస్త వయసొస్తే ఒకరు ముత్యాలయ్య, ఒకరు ముత్యాలమ్మ. ఊరినీ కులాన్నీ బట్టి ముత్యాలరావు, ముత్యాలరెడ్డి, ముత్యాలనాయుడు. తెలంగాణకు వెళితే ముత్యం, ముత్యంరెడ్డి. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయిన బూడి ముత్యాలనాయుడిదీ ఈ పేరే. సినిమా దర్శకుడు ముత్యాల సుబ్బయ్యకు ఇది ఇంటిపేరు. పరవాడ మండలంలో సముద్రపొడ్డునున్న మత్స్యకారుల ఊరు ముత్యాలమ్మపాలెం. మనిషికి, ఇంటికి, ఊరికి ఇంతగా అంటుకున్న రత్నం పేరు తెలుగులో మరొకటి దొరకడం కష్టం.

రత్నం, మాణిక్యం, మణి, వజ్రమ్మ, పగడాలు... ఇవన్నీ మన పేర్లే, కాదనలేం. కానీ ఈ ముత్యాలమ్మలు, ముత్యాలయ్యలు ఎవరిళ్లలో పుట్టారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జమీందారు ఇళ్లలో కాదు, రత్నాల వర్తకుల ఇళ్లలో అంతకన్నా కాదు. రైతు ఇంట్లో, కూలి ఇంట్లో, చేపలవాళ్ల ఇంట్లో, నేతవాళ్ల ఇంట్లో. తరతరాలుగా ఒక్క ముత్యమైనా మెడలో వేసుకోని ఇళ్లలో పుట్టిన బిడ్డలకు ఇన్ని ముత్యాల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అమ్మానాన్నలు తీరని కోరికను పేరులో తీర్చుకున్నారని కొందరు అనుకుంటారు. అది సగం కూడా నిజం కాదు.

ముందు మాట సంగతి. సంస్కృతంలో ముక్తా, మౌక్తికం. తెలుగులో ముత్తియం, ముత్యం. తమిళంలో, కన్నడంలో ముత్తు. మౌక్తికానికి వికృతి ముత్యమని మన వ్యాకరణాలు చెబుతాయి. ముక్తా అంటే చిప్ప నుంచి విడివడినది అని అర్థం చెప్పడమూ ఉంది. అయితే ముత్తు అనే ద్రావిడ పదమే ముందుదనీ, దాన్ని సంస్కృతం తీసుకుని ముక్తాగా మార్చుకుందనీ వాదించిన భాషావేత్తలు ఉన్నారు. ఆ వాదానికి బలం భూగోళంలో ఉంది. ప్రాచీన భారతదేశానికి పేరు తెచ్చిన ముత్యాలు దక్షిణాన మన్నారు సింధుశాఖలో, పాండ్యుల రేవు కొర్కై దగ్గర పుట్టినవి. గ్రీకు, రోమను నావికులు వెదుక్కుంటూ వచ్చింది అక్కడికే. సరుకు పుట్టిన చోట దానికో పేరు లేకుండా ఉంటుందా?

ఇక అసలు సంగతి.

ముత్యాలమ్మ ముందు ఒక మనిషి పేరు కాదు, దేవత పేరు. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, పోలేరమ్మ, అంకమ్మ అని చెప్పుకునే అక్కచెల్లెళ్లలో ఒకామె. ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద చిన్న గుడి, లేదా గుడి కూడా లేని ఒక రాయి, రాతికి పసుపు, కుంకుమ. తెలంగాణలో ఆషాఢం వస్తే బోనాలు, కోస్తాలో జాతర. ఈ అక్కచెల్లెళ్లలో చాలామంది చేతుల్లో ఉండేది రోగం. వాళ్లే పంపుతారు, వాళ్లే తీసుకుపోతారు. ఆ రోగాల్లోకెల్లా భయంకరమైనది మశూచి.

మశూచి ఎలా ఉండేదో ఇవాళ చూసినవాళ్లు తక్కువ. రెండు మూడు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆ తర్వాత ముఖం మీద, చేతుల మీద, కాళ్ల మీద మచ్చలు. మచ్చలు పొక్కులవుతాయి. పొక్కుల్లో ముందు తేట నీరు, తర్వాత తెల్లటి చీము. ఒక్కో పొక్కు గుండ్రంగా, గట్టిగా, తడిమితే చర్మంలో పూస కూర్చినట్టు తగులుతుంది. తెల్లగా, నున్నగా, మెరుస్తూ ఒంటి నిండా వందలు. ఆ పొక్కుల్నే మన పెద్దవాళ్లు ముత్యాలు అన్నారు. పోసినవి ముత్యాలు గనుక పోసిన తల్లి ముత్యాలమ్మ. పేరులో ఒక్క ముత్యం కాక ముత్యాలు ఎందుకున్నాయో అక్కడే తెలుస్తుంది.

రోగాన్ని దాని పేరుతో పిలవడం అప్పట్లో పెద్ద తప్పు. మశూచిని 'పెద్దమ్మవారు' అనేవారు, ఆటలమ్మను 'చిన్నమ్మవారు'. బిడ్డకు రోగం వచ్చిందని అనరు, "అమ్మవారు పోసింది" అంటారు. తగ్గితే "తల్లి దిగింది" అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు వేయరు, మాంసం వండరు. బిడ్డను వేపాకు మీద పడుకోబెట్టి, దురద పుడితే వేపరెమ్మతోనే నిమిరేవారు. అమ్మవారికి చల్లనివి ఇష్టమని చలిది, మజ్జిగ, కొబ్బరినీళ్లు నైవేద్యం. పరాయివాళ్లు గడప దాటకూడదు. ఇందులో భయం ఉంది, భక్తి ఉంది. అంటురోగం గురించి అనుభవం నేర్పిన కొంత తెలివి కూడా ఉంది. పరాయివాణ్ణి గడప దాటనివ్వకపోవడం ఎంత మంచి పనో ఇవాళ ఏ డాక్టరైనా చెబుతాడు.

టీకా వేయించుకోనివాళ్లలో ఈ రోగం సోకిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. బతికినవాళ్లలో చాలామందికి ముఖం నిండా గుంటలు, కొందరికి చూపు పోయేది. పిల్లలే ఎక్కువగా పోయేవారు. అలాంటి రోజుల్లో కడుపుతో ఉన్న ఆడది పొలిమేర గుడికి వెళ్లి, "తల్లీ, ఈ బిడ్డను కాపాడితే నీ పేరే పెట్టుకుంటా" అని మొక్కుకునేది. పోసిన ముత్యాలు దిగి బిడ్డ కళ్లు తెరిచాక పేరు మార్చి ముత్యాలు అని పిలుచుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఇరవై ఒకటోనాడు తొట్టెలలో వేసేటప్పుడు, లేదా బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేటప్పుడు, ఆ మొక్కు చెల్లేది. నగ మీది ఆశతో పెట్టిన పేరు కాదది, ప్రాణం మీది ఆశతో పెట్టినది.

దీని పక్కనే పెట్టి చూడాల్సిన పేర్లు ఇంకొన్ని ఉన్నాయి. పుట్టిన బిడ్డలు నిలవకపోతే తర్వాత పుట్టినవాడికి పెంటయ్య అని పెట్టేవారు. చంటివాణ్ణి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పెట్టి మళ్లీ తీసుకునేవారు. ఎంగిలి విస్తరాకులో పడుకోబెట్టి పుల్లయ్య అన్నారు. పొరుగింటావిడకు చేటెడు తవుడుకు అమ్మేసి తిరిగి తెచ్చుకుని తవిటయ్య, తవిటినాయుడు అన్నారు. మృత్యువు వచ్చి చూసినా, ఇది ఎందుకూ పనికిరాని సరుకని వదిలేసి పోవాలి. ముత్యాలు, పెంటయ్య... వినడానికి ఎక్కడా పొంతన లేని ఈ రెండు పేర్లూ ఒకే భయం నుంచి పుట్టాయి. ఒకటి మృత్యువును ఏమార్చే పేరు, ఇంకొకటి మృత్యువును పంపే తల్లి కాళ్లు పట్టుకునే పేరు.

రత్నాల పేర్లు దేవత గుడి మీదుగా ఇంటికి రావడం మనకు కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో మాణిక్యాంబలు, మాణిక్యమ్మలు అన్ని వీధుల్లో ఎందుకుండేవారు? ద్రాక్షారామంలో భీమేశ్వరుడి పక్కన ఉన్న అమ్మవారు మాణిక్యాంబ కాబట్టి. కెంపు కొనగలిగినవాళ్లు ఎందరని ఆ పేరు అడగలేదు.

తమిళనాడులోనూ ఇదే కథ. అక్కడ అమ్మవారు ముత్తుమారియమ్మన్. పొక్కుల్ని అక్కడా ముత్తు అనే అంటారు. ముత్తు, ముత్తులక్ష్మి, ముత్తయ్య లెక్కలేనంతమంది. మన సంగీతానికి సంబంధించిన ఒక గొప్ప పేరు వెనక కూడా వైద్యం చేసే దేవుడే ఉన్నాడు. తిరువారూరులో రామస్వామి దీక్షితులకు చాలాకాలం సంతానం లేదు. ఆయన భార్యతో కలిసి వైదీశ్వరన్ కోయిల్ వెళ్లి నోము పట్టాడు. అక్కడి శివుడు వైద్యనాథుడు, రోగాలు తీర్చే దేవుడు. ఆయన కుమారుడు ముత్తుకుమారస్వామి. 1775లో కొడుకు పుడితే ఆ స్వామి పేరే పెట్టారు. ఆ బిడ్డే సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు. ఆయన కృతులను స్వరాలతో భద్రపరిచిన గ్రంథం, సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని', 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది.

ఇంతకూ ముత్యమే ఎందుకు? పొక్కు చూడ్డానికి అలా ఉంటుంది కాబట్టి అన్నది ఒక జవాబు. రోగం పేరెత్తకుండా దాన్ని పొగడాలి కాబట్టి అన్నది రెండోది. మూడోది ఒకటి ఉంది. మన వైద్యంలో ముత్యం చలవ వస్తువు. ఆయుర్వేదంలో ముక్తాభస్మాన్ని, ముక్తాపిష్టిని ఒంట్లో మంటకు, తాపానికి వాడతారు. జ్యోతిషంలో ముత్యం చంద్రుడిది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డ పక్కన కూచున్న తల్లికి చల్లదనం కన్నా కావలసింది ఏముంది?

ముత్యం పుట్టుక కూడా గమనించదగ్గదే. ఇసుకరేణువు చిప్పలో పడితే ముత్యం అవుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. నిజానికి చాలాసార్లు లోపలికి చొరబడేది ఒక పరాన్నజీవి, లేదా చిప్పలోని మెత్తని పొరకు ఏదో దెబ్బ తగులుతుంది. ముత్యపుచిప్ప ఆ చోటు చుట్టూ పల్చటి పొర కడుతుంది. కాల్షియం కార్బొనేటు పొర, దాన్ని అంటించే ఒక మాంసకృత్తు, మళ్లీ పొర, మళ్లీ అంటు. అలా వేల పొరలు. మనం మెడలో వేసుకునేది ఒక జీవి తన ఒంట్లోకి వచ్చిన ఉపద్రవాన్ని చుట్టబెట్టి, అపాయం లేకుండా చేసుకున్న గుర్తు. వేపచెట్టు కింద పేరు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. అయినా పేరు ఎంత సరిగ్గా కుదిరిందో!

ఇప్పుడు సముద్రం దాటుదాం. ఎందుకంటే ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ దేశాలు తిరిగిన రత్నం పేరు కూడా ముత్యానిదే. మనం దాన్ని మార్గరెట్ అని పిలుస్తాం.

గ్రీకులో ముత్యాన్ని మార్గరీటెస్ అంటారు. అది వాళ్ల సొంత మాట కాదు, తూర్పు నుంచి ముత్యాలతో పాటు వెళ్లిన మాట. ఇరాను భాషల నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. సంస్కృతంలోని మంజరితో ముడిపెట్టినవాళ్లూ ఉన్నారు. గ్రీకు నుంచి లాటిన్‌కు మార్గరీటాగా చేరింది. అంతవరకు అది సరుకు పేరు. ఇంటింటా ఆడపిల్ల పేరు కావడానికి ఒక సెయింటు కారణమైంది.

అంటియోక్ మార్గరెట్ కథ నాలుగో శతాబ్దం నాటిదిగా చెబుతారు. పూజారి కూతురు, క్రైస్తవ మతం తీసుకుంది. గొర్రెలు కాచుకుంటున్న ఆమెను అధికారి ఒకడు చూసి పెళ్లాడతానన్నాడు. కాదంటే చెరసాలలో వేశాడు. చెరసాలలో ఒక మహాసర్పం ఆమెను మింగేసింది. చేతిలో ఉన్న శిలువ మహిమ వల్ల దాని పొట్ట చీలిపోయి, మార్గరెట్ గీత కూడా పడకుండా బయటికొచ్చింది. ఇది చరిత్ర కాదని చర్చి పెద్దలే చాలాకాలం కిందట అనుమానించారు. 1969లో రోమన్ చర్చి తన సార్వత్రిక పండుగల పట్టికలోంచి ఆమెను తీసేసింది కూడా. కానీ మధ్యయుగాల ఐరోపాలో కాన్పు కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్లు చరిత్ర అడగలేదు. కడుపులోంచి ఆమె క్షేమంగా బయటపడింది, మా బిడ్డ కూడా అలాగే బయటపడాలి. అంతే. మార్గరెట్ గర్భిణుల దేవత అయింది. ఆమె చరిత్ర రాసిన పుస్తకాన్ని నొప్పులు పడుతున్న స్త్రీ ఒంటి మీద పెట్టేవారు. తోలుపత్రం మీద రాయించి నడుముకు కట్టేవారు. ఒక్క ఇంగ్లండులోనే ఆమె పేరున రెండు వందలకు పైగా చర్చిలు వెలిశాయి. ఆమె పండుగ జూలై 20. దాదాపు మన ఆషాఢం బోనాలు సాగే రోజులు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, తేదీలు మాత్రం భలే పక్కపక్కన వచ్చాయి.

ఎక్కడి ముత్యాలమ్మ, ఎక్కడి మార్గరెట్! ఒకరి పేరు ఇంకొకరు విని ఉండరు. ఇక్కడ మశూచి, అక్కడ కాన్పు. రెండు చోట్లా బిడ్డ బతకాలన్న ఆరాటమే ముత్యాన్ని పేరుగా నిలబెట్టింది. రత్నం ధర ఎంతన్నది ఆ తల్లులకు అక్కర్లేదు.

ఆ తర్వాత ఆ పేరు పట్టిన రూపాలు చూడండి. హంగరీలో మార్గిట్. వేల్సులో మేగన్. జర్మనీలో గ్రెటెల్. స్వీడన్‌లో గ్రెటా. ఇంగ్లండులో మ్యాగీ, మెగ్, మార్జరీ, చివరికి ఎలా వచ్చిందో అంతుపట్టని పెగ్గీ. ఫ్రెంచిలో మార్గెరీత్ అంటే ముత్యమనే కాదు, తెల్లని చిన్న డెయిజీ పువ్వు కూడా. అందుకే కొందరు మార్గరెట్లను ఇంట్లో డెయిజీ అంటారు. ఇటలీలో మార్గరీటా తోకను తెంపితే రీటా. పదిహేనో శతాబ్దపు సెయింట్ రీటా అసలు పేరు మార్గరీటాయే. 1966లో మిస్ వరల్డ్ అయిన మొదటి భారతీయురాలు రీటా ఫారియా పేరు ఆ కొమ్మకు పూసిందే. వాతావరణం కోసం బడి మానేసి స్వీడన్ పార్లమెంటు ముందు కూచున్న గ్రెటా థన్‌బర్గ్ పేరును తెలుగులోకి తెస్తే ముత్యమే అవుతుంది.

ఒక మార్గరెట్ మన రాయలసీమకు వచ్చింది. ఐర్లండులో పుట్టి, 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి భారతదేశానికి వచ్చిన మార్గరెట్ కజిన్స్. భర్త మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలు. ఆమె సంగీతం చదువుకున్న మనిషి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ అక్కడ కొన్నాళ్లు ఉన్నప్పుడు 'జనగణమన' పాడి వినిపించాడు. దానికి స్వరలిపి కట్టడంలో తోడ్పడింది మార్గరెట్ కజిన్స్. టాగూర్ ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం రాసిందీ అక్కడే. తర్వాత 1927లో పుణెలో మొదటిసారి కూడిన అఖిల భారత మహిళా సభ వెనక పట్టుదల కూడా ఆమెదే. ఇవాళ మన బళ్లలో పొద్దున్నే పిల్లలు పాడే జాతీయగీతం వరసలో ఒక ముత్యాలమ్మ చెయ్యి ఉందని చెబితే తప్పు కాదు.

అమెరికాలో పేర్ల లెక్కలు 1880 నుంచి దొరుకుతాయి. ఆ ఏడాది మొదలుకొని 1930ల చివరిదాకా మార్గరెట్ తొలి పది ఆడపేర్లలోంచి కిందికి దిగలేదు. అదే కాలంలో ముత్యం అక్కడ ముసుగు తీసి, పెర్ల్ అని నేరుగా ఇంగ్లీషు మాటతోనే తొట్టెల్లోకి వచ్చింది. రూబీ, ఓపల్, బెరిల్, గార్నెట్ కూడా ఆ వరసలో వచ్చినవే. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా పువ్వుల పేర్లు, రత్నాల పేర్లు ఆడపిల్లలకు పెట్టడం అక్కడ పెద్ద వేడుక. పెర్ల్ ఆ రోజుల్లో తొలి ముప్ఫై పేర్లలో ఒకటి.

ఆ పేరుకు సాహిత్యంలో ముందే పునాది పడింది. 1850లో నథానియెల్ హాథార్న్ రాసిన 'ది స్కార్లెట్ లెటర్' నవలలో లోకం వెలివేసిన హెస్టర్ తన బిడ్డకు పెర్ల్ అని పేరు పెడుతుంది. తనకున్నదంతా పోగొట్టుకుని దక్కించుకున్న బిడ్డ అని. ఒక్క ముత్యం కోసం ఆస్తి మొత్తం అమ్ముకున్న వర్తకుడి కథ మత్తయి సువార్తలో ఉంది. బైబిలు చదివే ఇళ్లలో ఆ పేరు వినగానే ఆ కథ మెదిలేది. 

కానీ పెర్ల్ పేరున్నవాళ్లలో గుండెను పట్టుకునేది పెర్ల్ బక్ కథ. 'గుడ్ ఎర్త్' రాసి, 1938లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న తొలి అమెరికన్ మహిళ. ఆమె తల్లిదండ్రులు చైనాలో మిషనరీలు. ఈ బిడ్డ పుట్టేనాటికే వాళ్లు ముగ్గురు పసివాళ్లను రోగాలకు పోగొట్టుకున్నారు. సెలవు మీద స్వదేశానికి వచ్చినప్పుడు, 1892లో వెస్ట్ వర్జీనియాలో ఈమె పుట్టింది. పెట్టిన పేరు పెర్ల్ కంఫర్ట్. పెర్ల్ అంటే ముత్యం, కంఫర్ట్ అంటే ఊరట. బిడ్డలు నిలవని ఇంట్లో, నిలవాలన్న ఆశతో. ఆ తల్లి మన పల్లెలో పుట్టి ఉంటే ఏ పేరు పెట్టేదో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత పెర్ల్ అనే పేరు వాడకం పడిపోయింది. 1893లో జపానులో మికిమోటో కోకిచి అనే ఆయన చిప్పలో మనిషి చేత్తో ముత్యం పుట్టించడంలో గెలిచాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో పెంపకపు ముత్యాలు బజారును ముంచెత్తాయి. రాణులకే పరిమితమైన దండ గుమాస్తా భార్య మెడలోకి వచ్చింది. బహ్రెయిన్ మునుగుడువాళ్ల బతుకులు కూలిపోయాయి. పేరు కూడా ఆ దశకాల్లోనే తగ్గుముఖం పట్టింది. చవకబారడం వల్లే తగ్గిందని అనుకోవడం సులువు, కానీ ధర కాస్త కారణమైనా అసలు కారణం కాలమేననిపిస్తుంది. అమ్మమ్మల పేరుగా మారిన ప్రతి పేరూ కొన్నాళ్లు అటకెక్కుతుంది. 1980ల చివరికి పెర్ల్ అమెరికాలో తొలి వెయ్యి పేర్లలో కూడా లేకుండా పోయి, 2000లలో మనవరాళ్ల కోసం మళ్లీ కిందికి దిగింది.

ముత్యాల నగరం అని పేరున్న హైదరాబాదులో ముత్యం పేర్లు ఇంకో దారిలో వచ్చాయి. పర్షియన్‌లో గౌహర్ అంటే మణి, మరీ ముఖ్యంగా ముత్యం. అరబ్బీలో లూలూ, దుర్. ఆ ముక్కలతో కూడిన దుర్దానా, గౌహర్ లాంటి పేర్లు పాతనగరంలో కొత్త కాదు. 1631లో బుర్హాన్‌పూర్‌లో ముంతాజ్ మహల్ ప్రాణం తీసిన పద్నాలుగో కాన్పులో పుట్టిన కూతురు గౌహరారా బేగం. 1902లో కలకత్తాలో గ్రామఫోను రికార్డుకు పాడిన తొలితరం గాయని గౌహర్ జాన్. హిందీలో మోతీ. జవహర్‌లాల్ తండ్రి మోతీలాల్. ఆ మాటకొస్తే జవహర్ అన్నా రత్నమే.

హైదరాబాదుకూ ముత్యానికీ ఉన్న బంధంలో అందరికీ దగ్గరైనది పత్తర్‌గట్టి దుకాణాల్లో లేదు. భద్రాచలంలో ఉంది. శ్రీరామనవమినాడు సీతారాముల పెళ్లికి ప్రభుత్వం పట్టువస్త్రాలతో పాటు ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారమని చెప్పుకుంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీలు పోయారు, నిజాములు పోయారు, ముఖ్యమంత్రులు మారారు. తలంబ్రాల్లో ముత్యాలు మాత్రం ఏటా కలుస్తూనే ఉన్నాయి. తెలుగువాళ్లకు అందమైనదేదైనా ముత్యమే. చక్కని రాత ముత్యాల్లాంటి అక్షరాలు. వాకిట్లో ముత్యాల ముగ్గు. గురజాడ 1910లో ఒక కొత్త ఛందస్సును ప్రవేశపెట్టినప్పుడు దానికి పెట్టిన పేరు ముత్యాల సరం.

మళ్లీ వేపచెట్టు దగ్గరికి వద్దాం. మన దేశంలో మొదటి మశూచి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల పాపకు వేశారు. అక్కడి నుంచి పల్లెలకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. టీకాలవాడు వస్తున్నాడంటే పిల్లల్ని గాదెల వెనక దాచేవారు. తల్లి ఆగ్రహిస్తుందని భయం. ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తేలిక. కానీ వందల ఏళ్లు వాళ్లకు ఆ తల్లి తప్ప ఇంకెవరూ లేరన్నది మరిచిపోకూడదు. 1974లో కూడా దేశంలో లక్షా ఎనభై వేలకు పైగా కేసులు వచ్చాయి, వేలమంది చనిపోయారు. ఊరూరా ఇల్లిల్లూ తిరిగి, సోకినవాళ్లను వెదికి, వాళ్ల చుట్టూ ఉన్న అందరికీ టీకాలు వేసిన కార్యకర్తల శ్రమ ఫలించి 1975 మేతో దేశంలో చివరి కేసు ముగిసింది. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మశూచి భూమ్మీద లేదని ప్రకటించింది.

ముత్యాలమ్మ గుడి ఉంది. బోనం కుండ, పసుపునీళ్లు, వేపమండలు ఉన్నాయి. ఆటలమ్మ వస్తే చిన్నమ్మవారు అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. బిడ్డకు ఆ పేరు పెట్టడం మాత్రం బాగా తగ్గింది. పట్నం చేరిన కుటుంబాలు ఆ పేరును పల్లెటూరిదని పక్కన పెట్టాయన్నది నిజమే. కానీ అంతకన్నా ముందు, ఆ మొక్కు మొక్కాల్సిన అవసరమే పోయింది. ఇది సంతోషించాల్సిన కారణం. ఇప్పుడు ముత్యం కావాలనుకున్నవాళ్లు మౌక్తిక అంటున్నారు, ముక్త అంటున్నారు. నానమ్మ పేరు పోకుండా, బడిలో పిలవడానికి నాజూకుగా ఉండేలా చూసుకుని ఆ మాట దగ్గర ఆగేవాళ్లూ ఉన్నారు.

అలాంటి ఇంటికి బారసాలకు వెళ్లినప్పుడు ఒకటి గమనించండి. పళ్లెంలో బియ్యం మీద మౌక్తిక అని రాస్తుంటే, పక్కన కూచున్న నానమ్మ ముత్యాలమ్మ జాకెట్టు చేతి కింద, జబ్బ మీద, గుండ్రటి పాత టీకా మచ్చ కనిపిస్తుంది. ఆ పేరూ ఆ మచ్చా ఆమెను ఒకే రోగం నుంచి కాపాడటానికి పెట్టినవి. ఒకటి వాళ్లమ్మ పెట్టింది, ఒకటి టీకాలవాడు పెట్టాడు. ఒళ్లో ఉన్న మనవరాలి జబ్బ మీద ఆ మచ్చ ఉండదు.